బేసి సంఖ్యకు కారణాంకాల మొత్తం ఎప్పుడైనా మించుతుందా? కారణాంకాలను బట్టి సంఖ్యల వర్గీకరణ

విజయవాడలో ఏడవ తరగతికి గణితం చెప్పే ఒక మాస్టారు అడిగిన ప్రశ్న ఇది. ఆయన పిల్లల చేత 1 నుండి 100 వరకు ప్రతి సంఖ్యకూ కారణాంకాలు రాయించి, ఆ సంఖ్యను విడిచిపెట్టి మిగిలిన కారణాంకాలను కూడించారు. చాలా సంఖ్యలకు మొత్తం తక్కువ వచ్చింది, 6కూ 28కీ సరిగ్గా సమానంగా వచ్చింది, 12, 18, 20 వంటి వాటికి ఎక్కువ వచ్చింది. ఎక్కువ వచ్చినవన్నీ సరి సంఖ్యలే కావడం చూసి ఒక అమ్మాయి, "బేసి సంఖ్యకు ఎప్పటికీ ఎక్కువ రాదు కదా మాస్టారూ" అన్నదట. ఆ మాట నిజమేనా, కారణాంకాలన్నీ రాసుకోకుండా తేల్చే పద్ధతి ఉందా, ప్రధాన సంఖ్యలు, సంయుక్త సంఖ్యలు అనే విభజనతో దీనికి సంబంధం ఏమిటి అన్నవి మాస్టారి సందేహాలు. గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు సంఖ్యావాదం చాలాకాలం బోధించినవాడిని కనుక కొంచెం విపులంగానే రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్పవలసింది: ఆ అమ్మాయి మాట నిజం కాదు, 945 దగ్గర అది చెడిపోతుంది. అయితే 1 నుండి 944 వరకు ఉన్న 472 బేసి సంఖ్యల్లో ఒక్కటి కూడా ఆమె మాటను కాదనదు. కనుక తరగతిలో ఆ ఊహను తప్పు అని కొట్టివేయకుండా, అది అంత దూరం ఎందుకు నిలబడింది, అక్కడే ఎందుకు కూలింది అని చూపించడం మంచిది. అసలు పాఠమంతా అందులోనే ఉంది.

కారణాంకాలను బట్టి సంఖ్యలను విడదీసేటప్పుడు మనం రెండు వేర్వేరు ప్రశ్నలు అడుగుతున్నామని మొదట గుర్తించాలి. ఒకటి, కారణాంకాలు ఎన్ని ఉన్నాయి? రెండు, వాటి మొత్తం ఎంత? ప్రధాన సంఖ్యలు, సంయుక్త సంఖ్యలు అనేది మొదటి ప్రశ్నకు సంబంధించిన విభజన. న్యూన సంఖ్యలు (తనను విడిచి మిగిలిన కారణాంకాల మొత్తం సంఖ్యకంటే తక్కువైనవి), పరిపూర్ణ సంఖ్యలు (సమానమైనవి), అధిక సంఖ్యలు (ఎక్కువైనవి) అనేది రెండవ ప్రశ్నకు సంబంధించినది. ఈ రెండింటినీ ఒకే పట్టికలో కలిపివేయడం వల్లనే పిల్లలు తికమక పడుతుంటారు. 20కీ 45కీ ఆరేసి కారణాంకాలే ఉన్నాయి. కానీ 20 విషయంలో 1, 2, 4, 5, 10 కలిపితే 22 అయి సంఖ్యను మించుతుంది, 45 విషయంలో 1, 3, 5, 9, 15 కలిపితే 33 దగ్గరే ఆగిపోతుంది.

లెక్కించడం సులభం కనుక దాన్ని త్వరగా ముగిస్తాను. 360ని ప్రధాన కారణాంకాల లబ్ధంగా రాస్తే 2³ × 3² × 5. దీని కారణాంకం ఏదైనా సరే, అందులో 2 సున్నా నుండి మూడు సార్లు, 3 సున్నా నుండి రెండు సార్లు, 5 సున్నా లేక ఒకసారి ఉండవచ్చు; అంటే 4 × 3 × 2 = 24 కారణాంకాలు. ఘాతాంకాలకు ఒక్కొక్కటి కలిపి గుణించడమే సూత్రం. దీన్ని బట్టి సరిగ్గా రెండు కారణాంకాలున్నవి ప్రధాన సంఖ్యలు, మూడున్నవి 4, 9, 25, 49 వంటి ప్రధాన సంఖ్యల వర్గాలు, నాలుగున్నవి 8, 27 వంటి ఘనాలు లేదా 6, 10, 15 వంటి రెండు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధాలు అని వెంటనే తెలుస్తుంది. 1కి ఒకే కారణాంకం కనుక అది ప్రధానమూ కాదు, సంయుక్తమూ కాదు. కారణాంకాల సంఖ్య బేసిగా ఉన్నదంటే అది తప్పక వర్గ సంఖ్య. ఎందుకంటే కారణాంకాలు జంటలు జంటలుగా వస్తాయి, వర్గమూలం ఒక్కటే తనకు తానే జంట.

మొత్తానికి కూడా ఇటువంటి సూత్రమే ఉంది. అదే 360కి (1 + 2 + 4 + 8) × (1 + 3 + 9) × (1 + 5) అని రాసి కుండలీకరణాలను విస్తరిస్తే, 24 పదాలు వస్తాయి, ప్రతి కారణాంకమూ సరిగ్గా ఒక్కసారి వస్తుంది. కనుక మొత్తం 15 × 13 × 6 = 1170. ఇందులో 360 కూడా చేరి ఉంది, దాన్ని తీసివేస్తే 810. ప్రతిసారీ తీసివేసే బదులు, మొత్తాన్ని సంఖ్యకు రెట్టింపుతో పోల్చడం హాయి: 1170 అనేది 720 కంటే ఎక్కువ కనుక 360 అధిక సంఖ్య. రెట్టింపుకు తక్కువైతే న్యూన సంఖ్య, సమానమైతే పరిపూర్ణ సంఖ్య. కారణాంకాలన్నీ రాయకుండా తేల్చే పద్ధతి ఇదే. ప్రధాన కారణాంక విభజన చేతిలో ఉంటే చాలు.

ఇంకొక్క అడుగు వేస్తే విషయం బాగా తేటపడుతుంది. అన్ని కారణాంకాల మొత్తాన్ని ఆ సంఖ్యతో భాగించి వచ్చిన నిష్పత్తిని చూడండి. 360కి అది 15/8 × 13/9 × 6/5, అంటే 3.25. ఒక్కో ప్రధాన సంఖ్య తన వంతు గుణకాన్ని ఇస్తుంది, ఒకదానితో మరొకదానికి జోక్యం లేదు. 2 వల్ల వచ్చే గుణకం దాని ఘాతాన్ని బట్టి 3/2, 7/4, 15/8 అని పెరుగుతూ పోతుంది కానీ 2ను ఎన్నడూ చేరదు. 3 వల్ల వచ్చేది 4/3, 13/9, 40/27 అంటూ 3/2 కంటే తక్కువగానే ఉంటుంది. 5 వల్ల వచ్చేది 5/4 కంటే, 7 వల్ల వచ్చేది 7/6 కంటే తక్కువగానే ఉంటుంది. ఏ ప్రధాన సంఖ్యకైనా హద్దు, ఆ సంఖ్యను దానికంటే ఒకటి తక్కువైన సంఖ్యతో భాగించగా వచ్చేదే. ఒకే ప్రధాన సంఖ్య ఘాతాలన్నీ, అంటే 2, 4, 8, 16 మొదలైనవి కూడా, ఎప్పటికీ న్యూన సంఖ్యలుగానే మిగిలిపోవడానికి కారణం ఇది. 2 ఘాతాల విషయంలో లోటు సరిగ్గా ఒకటే: 16కు 1, 2, 4, 8 కలిపితే 15.

సంఖ్యను దేనితో గుణించినా ఈ నిష్పత్తి పెరుగుతుందే తప్ప తరగదు. అందువల్ల అధిక సంఖ్య గుణిజాలన్నీ అధిక సంఖ్యలే, పరిపూర్ణ సంఖ్య గుణిజాలు కూడా ఆ సంఖ్యను మినహాయిస్తే అధిక సంఖ్యలే. పిల్లల పట్టికలో 100 లోపు ఎక్కువ వచ్చినవి 22 ఉండి ఉండాలి. వాటిలో 12 నుండి 96 వరకు ఉన్న 6 గుణిజాలు పదిహేను. 20 గుణిజాల్లో 6 గుణిజం కానివి 20, 40, 80, 100 అనే నాలుగు. 28కి రెట్టింపు కనుక 56 ఒకటి. ఇక మిగిలినవి 70, 88. ఇలా వరుస పెడితే ఆ పట్టిక చిందరవందరగా కాక ఒక పొందికతో కనిపిస్తుంది. ఎంత దూరం వెళ్లినా అధిక సంఖ్యల వాటా ఒక స్థిరమైన విలువ దగ్గర నిలుస్తుందని ఆంగ్ల గణితవేత్త డావెన్‌పోర్ట్ 1933లో నిరూపించాడు; ఆ విలువ నూటికి ఇంచుమించు 24.76 అని ఇప్పుడు తెలుసు. మనకు తొలి నూటిలో 22 రావడం దానికి దగ్గరగానే ఉంది.

ఇప్పుడు బేసి సంఖ్యల సంగతి. బేసి సంఖ్యలో 2 లేదు, అంటే అన్నిటికంటే పెద్ద గుణకం ఇచ్చేది లేకుండా నిష్పత్తి 2ను దాటాలి. రెండే ప్రధాన సంఖ్యలున్న బేసి సంఖ్యకు అనువైనవి 3, 5; వాటి ఘాతాలు ఎంత పెంచినా నిష్పత్తి 3/2 × 5/4 = 15/8ను చేరదు, అది 2 కంటే తక్కువ. కనుక కనీసం మూడు వేర్వేరు ప్రధాన సంఖ్యలు కావాలి. 3, 5, 7 తీసుకుంటే హద్దు 15/8 × 7/6, అంటే సుమారు 2.19, ఫరవాలేదు. 3, 5, 11కు సుమారు 2.06, 3, 5, 13కు సుమారు 2.03, ఇవి కూడా ఆశ ఉన్నవే. 3, 5, 17కు 1.99 మాత్రమే, ఇక కుదరదు. 5ను వదిలి 3, 7, 11 తీసుకున్నా 1.925 దాటదు. నాలుగు ప్రధాన సంఖ్యలైతే అతి చిన్నదే 3 × 5 × 7 × 11 = 1155, అది 945ను దాటిపోయింది.

కనుక 945 కంటే చిన్నవాటిలో పరీక్షించవలసినవి తొమ్మిదే. 3, 5, 7తో ఏర్పడేవి 105, 315, 525, 735. 3, 5, 11తో 165, 495, 825. 3, 5, 13తో 195, 585. ప్రతిదానికీ మొత్తాన్ని రెట్టింపుతో పోల్చితే 105కు 192, 210; 315కు 624, 630; 525కు 992, 1050; 735కు 1368, 1470; 165కు 288, 330; 495కు 936, 990; 825కు 1488, 1650; 195కు 288 కాదు, 4 × 6 × 14 = 336, దాని రెట్టింపు 390; 585కు 1092, 1170. తొమ్మిదీ తప్పాయి. (165కూ 195కూ తొలి రెండు గుణకాలు ఒకటే కనుక పిల్లలు పై వరుసలోని సంఖ్యను దించి రాసేస్తారు, ఆ చోట కొంచెం కనిపెట్టి ఉండండి.) 315 మాత్రం ఆరు తేడాతో తప్పింది, తరగతిలో అక్కడ కాసేపు ఆగవచ్చు. ఇప్పుడు 945 = 3³ × 5 × 7 తీసుకోండి: (1 + 3 + 9 + 27) × 6 × 8 = 40 × 48 = 1920. రెట్టింపు 1890. ముప్పై మిగిలింది. అదే మొట్టమొదటి బేసి అధిక సంఖ్య, కంప్యూటర్ అవసరం లేకుండా నల్లబల్ల మీద ముగిసే నిరూపణ ఇది.

ఆ తరువాత 1575, 2205 వస్తాయి. 945ను ఏ బేసి సంఖ్యతో గుణించినా మరొక బేసి అధిక సంఖ్యే కనుక వీటికి అంతం లేదు. 5775, 5776 పక్కపక్కనే ఉండి రెండూ అధిక సంఖ్యలే; అటువంటి జంటల్లో మొదటిది ఇదే. 2తో పాటు 3 కూడా ఉండకూడదని పట్టుబడితే మాత్రం చాలా దూరం పోవాలి: 5² × 7 × 11 × 13 × 17 × 19 × 23 × 29, అంటే 5391411025 వరకు ఒక్కటీ దొరకదు, అక్కడ కూడా నిష్పత్తి 2.003 మాత్రమే.

కొద్ది ఉదాహరణలు చూసి నియమం చెప్పడం పెద్దవాళ్లకూ తప్పలేదు. ఈ మూడు తరగతుల విభజనను సుమారు క్రీ.శ. 100 ప్రాంతంలో గ్రంథస్థం చేసిన గ్రీకు గణితవేత్త నికోమాకస్‌కు తెలిసిన పరిపూర్ణ సంఖ్యలు 6, 28, 496, 8128. ఒక అంకె, రెండు అంకెలు, మూడు అంకెలు, నాలుగు అంకెలు ఉన్నవాటిలో ఒక్కొక్కటి ఉంది, చివర 6, 8 మార్చి మార్చి వస్తున్నాయి. ఇదే వరుస ముందుకూ సాగుతుందని ఆయన చెప్పాడు. అయిదవది 33550336, దానికి ఎనిమిది అంకెలు. ఆరవది 8589869056, అదీ 6తోనే ముగుస్తుంది. రెండు నియమాలూ పోయాయి. మన అమ్మాయి ఊహకు 472 సాక్ష్యాలున్నాయి, నికోమాకస్‌కు ఉన్నవి నాలుగే.

పరిపూర్ణ సంఖ్యల నిర్మాణాన్ని ఆయనకంటే ముందే యూక్లిడ్ చెప్పాడు. 1, 2, 4, 8 అని రెట్టింపులు కూడుతూ పోయి, ఏదో ఒక చోట మొత్తం ప్రధాన సంఖ్య అయితే, ఆ మొత్తాన్ని చివరి పదంతో గుణించాలి. 1 + 2 + 4 = 7 ప్రధానం, 7 × 4 = 28. 1 + 2 + 4 + 8 = 15 ప్రధానం కాదు, వదిలేయాలి. 31 ప్రధానం, 31 × 16 = 496. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ తప్పనిసరిగా ఈ రూపంలోనే ఉంటాయని 18వ శతాబ్దంలో ఆయిలర్ నిరూపించాడు. పదాల సంఖ్య ప్రధానమైతే మొత్తం కూడా ప్రధానమవుతుందని తొందరపడకూడదు: పదకొండు పదాలు కూడితే 2047, అది 23 × 89. ఇలా దొరికిన పరిపూర్ణ సంఖ్యలు ఇప్పటికి 52. చివరిదానికి ఆధారమైన ప్రధాన సంఖ్య 2024 అక్టోబరులో బయటపడింది, దాన్ని రాస్తే 4,10,24,320 అంకెలు వస్తాయి. ఇక బేసి పరిపూర్ణ సంఖ్య ఒక్కటైనా ఉందా అన్నది ఈనాటికీ తేలలేదు. ఉంటే అది 1 పక్కన 1500 సున్నాలు పెట్టిన సంఖ్య కంటే పెద్దదై ఉండాలని 2012లో నిరూపించారు. ఆ అమ్మాయి "మించదు" అనకుండా "సరిగ్గా సమానం కాదు" అని ఉంటే, ఈ సమాధానం రాయడం నా వల్ల అయ్యేది కాదు.

కారణాంకాల సంఖ్య వైపు మళ్లీ వస్తే, అక్కడ చెప్పుకోవలసిన పేరు రామానుజన్‌ది. తనకంటే చిన్న సంఖ్యలన్నిటికన్నా ఎక్కువ కారణాంకాలున్న సంఖ్యల మీద ఆయన 1915లో ఒక సుదీర్ఘమైన పత్రం ప్రచురించాడు. 1916లో కేంబ్రిడ్జ్ ఆయనకు బి.ఏ. పట్టా ఇచ్చింది ఈ పని మీదనే. ఆ వరుస 1, 2, 4, 6, 12, 24, 36, 48, 60, 120, 180, 240, 360 అని సాగుతుంది. అటువంటి సంఖ్యను విభజించినప్పుడు 2 ఘాతాంకం కంటే 3 ఘాతాంకం, దానికంటే 5 ఘాతాంకం ఎప్పుడూ ఎక్కువ కావని, చివరి ప్రధాన సంఖ్య ఘాతాంకం 4, 36 అనే రెండింటిలో తప్ప అన్నిటా ఒకటేనని ఆయన చూపాడు. మొదటి భాగం సులభం: 3 ఘాతాంకం 2 ఘాతాంకం కంటే ఎక్కువైతే వాటిని తారుమారు చేస్తే చాలు, కారణాంకాల సంఖ్య మారకుండా చిన్న సంఖ్య దొరుకుతుంది. ఆయన పట్టికలో చివరిది 6746328388800; దీనికి 10080 కారణాంకాలు. చేత్తో చేసిన పట్టిక అది.

ఈ వరుసలోని 120 మన ప్రాంతానికి కొత్తది కాదు. మెట్రిక్ కొలతలు రాకముందు గుంటూరు జిల్లాలో మిరపకాయలు, బెల్లం, చింతపండు వీశెల్లో తూచేవారు. వీశె అంటే 40 పలాలు, పలానికి మూడు తులాల చొప్పున 120 తులాలు. పదలం అంటే పది పలాలు, ఏబులం అంటే అయిదు పలాలు, వీశెలో నాలుగోవంతు, ఎనిమిదోవంతు అన్నమాట. 120కి 16 కారణాంకాలుండగా 100కు 9 మాత్రమే. వీశెను ముగ్గురికి, ఆరుగురికి, ఎనిమిదిమందికి పంచినా తులం విరగదు. పెద్దవాళ్లున్న ఇళ్లలో ఈ మాటలు ఇంకా వినిపిస్తాయి కనుక పిల్లల చేత అడిగించి, ఆ వంతులను లెక్క కట్టించవచ్చు. 945కు కూడా సరిగ్గా 16 కారణాంకాలే ఉన్నాయని అప్పుడే చూపించండి: 120కి కారణాంకాల మొత్తం 360, అంటే ఖచ్చితంగా మూడు రెట్లు, 945కు రెండు రెట్లు దాటడమే గగనమైంది. ఎన్ని అన్న ప్రశ్న, ఎంత అన్న ప్రశ్న వేరని చెప్పడానికి నాకు తెలిసినంతలో దీనికి మించిన జంట లేదు.

స్నేహ సంఖ్యల గురించి పిల్లలు ఎలాగూ అడుగుతారు. 220 కారణాంకాలు (తనను మినహాయించి) కలిపితే 284, 284వి కలిపితే 220. చిన్నదైన మరో జంట 1184, 1210ని పెద్ద పెద్ద గణితవేత్తలందరూ దాటిపోగా 1866లో పదహారేళ్ల ఇటలీ కుర్రవాడు పట్టుకున్నాడు. ముచ్చటగా ఉంటుంది కానీ, వర్గీకరణ అర్థం కావడానికి ఇది పెద్దగా ఉపకరించదు. ఒక పీరియడులో సగం సమయం చాలు.

దానికి బదులు, పట్టికలో వెనుకపడిపోయిన 70, 88లను మళ్లీ బయటికి తీయమని నా సలహా. 88 కారణాంకాలు 1, 2, 4, 8, 11, 22, 44. మొత్తం 92, నాలుగు ఎక్కువ. 4ను వదిలేస్తే మిగిలినవి సరిగ్గా 88. 70 కారణాంకాలు 1, 2, 5, 7, 10, 14, 35. మొత్తం 74, దీనికీ నాలుగే ఎక్కువ. ఇక్కడ వదలడానికి 4 లేదు, 1, 2 కలిపినా 3 దాటదు, తరువాతది 5. ఏ కొన్నిటిని ఎన్నుకున్నా 70 రాదు. అధిక సంఖ్య అయి ఉండి కూడా ఇలా మొండికేసేది 100 లోపు ఇదొక్కటే. ఈ తరువాతది 836, అంటే 2² × 11 × 19. దానికి ఎంత ఎక్కువ వస్తుందో, ఆ ఎక్కువను వదిలించుకోవడం ఎందుకు కుదరదో ఆ అమ్మాయినే కనుక్కోమనండి.